బొడిపె మీద పట్టీ

గ్లవ్ తొడుక్కుని మైదానంలోకి పరుగు తీయబోతున్న విల్కిన్ పనియాగ్వాను బేస్‌బాల్ జట్టు మేనేజర్ హార్లన్ వెనకనుంచి చొక్కా పట్టుకుని ఆపేసిన చోట పోయిన వారం కథ ఆగింది. దానికి నెల ముందు ఏం జరిగిందో కూడా చదువరులకు గుర్తుండే ఉంటుంది. ఒక బంతిని కొట్టబోయి, ఆఖరి క్షణంలో బ్యాటును వెనక్కి గుంజుకున్నప్పుడు, అతని ఎడమ అరచేతి అడుగున, చిటికెన వేలి వైపు, ఎండుపుల్ల విరిగినట్టు లోపలెక్కడో 'టక్'మంది. ఆ చప్పుడు విన్నది అతనొక్కడే. ఆనాటి నుంచీ దాన్ని ఎవరి చెవినా పడనివ్వకుండా నెట్టుకొస్తున్నాడు.

"కూర్చో," అన్నాడు హార్లన్. "ఇవాళ్టికి నీ ఆట అయిపోయింది."

"నాకేం కాలేదు స్కిప్పర్. బాగానే ఉన్నాను."

"ఏదో అయిందని నేనన్నానా? కూర్చోమన్నాను, అంతే."

అతని బదులు ఇంకో కుర్రాడు పరుగెత్తుకుంటూ పోయి, రెండో బేసుకీ మూడో బేసుకీ నడుమ, షార్ట్‌స్టాప్ నిలబడే చోట, పొద్దుటినుంచీ విల్కిన్ బూటు కాలితో చదును చేసుకున్న మట్టిలో నిలబడ్డాడు. ప్రహరీ అవతల మొక్కజొన్న చేలు పీచు వేసి ఉన్నాయి. ఎండకు ఆకు కదలడం లేదు.

జులై నెల ఆఖరు. పైన పెద్ద లీగు జట్లు ఒకదానికొకటి మనుషుల్ని ఇచ్చిపుచ్చుకోవడానికి ఆ సాయంత్రం ఐదింటి దాకే గడువు. ఈ మిల్‌హేవెన్ లాంటి చిన్న ఊళ్లలో, చిన్న లీగులో ఆడుతూ పైకి చూసే కుర్రాళ్లే ఆ బేరాల్లో సరుకు. ఒంట్లో బాగున్నవాణ్ణి ఆట నడుమ బయటికి పిలిచారంటే బేరం కుదిరినట్టే. సంతలో బేరమైన కోడెను మళ్లీ మందలోకి వదలరు. కాలో కొమ్మో విరిగితే పూచీ ఎవరిది?

ఆటగాళ్లు కూర్చునే డగౌట్‌లో ఎవరూ ఏమీ అడగలేదు. అది వాళ్ల ఆనవాయితీ. ఒక్కొక్కరే లేచి వచ్చి కావలించుకోవడం మొదలుపెట్టారు. ముందు టకర్ వచ్చాడు. తుమ్మమొద్దులాంటి మనిషి, మొదటి బేసు దగ్గర ఆడతాడు, ఇవాళ అతనికి విశ్రాంతి. విల్కిన్‌ను నేలమీంచి అమాంతం లేపాడు.

"పైన వేరుశెనగ ముద్ద రాసిన బ్రెడ్డు పెట్టరట్రా! వేడి వేడి మాంసం పెడతారట. ఎలా బతుకుతావో ఏమో, పాపం!"

"ఈడి ఆకలికి ఆ జట్టు దివాలా తీస్తుంది చూడు," అన్నాడు ఇంకొకడు.

విల్కిన్ నవ్వాడు. నవ్వుతూనే ఎడమ చెయ్యి గ్లవ్‌లోంచి బయటికి తీయలేదు. సంతోషం కట్టలు తెంచుకున్నప్పుడు వీళ్లు అరచేతిలో అరచేత్తో చాచి కొడతారు. ఆ దెబ్బ ఎడమ చేతి మీద పడితే తన మొహం ఏమవుతుందో అతనికి తెలుసు. కుడిచెయ్యి ఒక్కటే అందిస్తూ, వీపు గోడకి ఆన్చి నిలబడ్డాడు.

ఆ కంగారులో అతను ఒకటి మరిచిపోయాడు. వెళ్లిపోయేవాడి బ్యాట్లు ఉన్నవాళ్లు పంచుకోవడం కూడా అక్కడి ఆనవాయితీయే. టకర్ అప్పటికే అరలోంచి అతని బ్యాటు లాగి పట్టుకుని చూస్తున్నాడు.

"ఏంట్రా ఇది? కింద బొడిపె ఇంత లావుగా ఉంది! బన్నులా ఉబ్బిందే!"

విల్కిన్ గోడ దగ్గర్నుంచి కదిలాడు.

పక్కనుంచి ఒక చెయ్యి వచ్చి ఆ బ్యాటు అందుకుంది. "అది నాది. ఎప్పుడో అడిగిపెట్టుకున్నా," అన్నాడు ఎబెర్తో. అతను వెనిజువెలా వాడు. బంతి విసిరేవాడికి ఎదురుగా గొంతుక్కూర్చుని పట్టే పని అతనిది, ఇవాళ అతనూ ఆటలో లేడు. వయసు ముప్పైకి దగ్గరపడింది. రెండు వేసవులుగా విల్కిన్‌తో ఒకే గదిలో ఉంటున్నాడు. ఎబెర్తో ఎడమ చిటికెన వేలు ముడుచుకోదు. కాఫీ కప్పు పట్టుకుంటే ఆ వేలు ఒక్కటీ ఠీవిగా పక్కకి నిలబడుతుంది. అందుకని కుర్రాళ్లందరూ అతన్ని 'దొరగారు' అంటారు. అతనూ నవ్వేవాడు.

ఇప్పుడు నవ్వలేదు. బ్యాటు అడుగు బొడిపె మీద బొటనవేలితో నొక్కాడు. పట్టీ లోపలికి దిగింది. కర్ర అలా దిగదు. తలెత్తి విల్కిన్‌కేసి ఒక్క చూపు చూసి, బ్యాటు చంకలో పెట్టుకుని లోపలికి వెళ్లిపోయాడు.

* * *

హార్లన్ గదికి వెళ్లే దారిలో విల్కిన్ తన బీరువా చూశాడు. పైన తెల్లపట్టీ మీద రాసి అంటించిన తన పేరు అప్పుడే పీకేశారు. జిగురు మరక మాత్రం ఉంది.

"కూర్చో అబ్బాయ్," అన్నాడు హార్లన్. ఆటను సహాయకుడికి అప్పజెప్పి వచ్చాడు, నోట్లో పొద్దుతిరుగుడు గింజలు నములుతున్నాడు. "ఉత్తరాది జట్టుకి పోతున్నావు. వాళ్ల షార్ట్‌స్టాప్ కాలు విరిగి పడ్డాడు. చిన్న లీగులో కాదు, నిన్ను నేరుగా పెద్ద జట్టులోకే తీసుకుంటున్నారు. వాళ్లే అడిగారు. నీ పేరు పెట్టి మరీ అడిగారు."

విల్కిన్ కళ్లముందు అమ్మ మెదిలింది. చక్కెర మిల్లు గేటు ముందు నూనెలో పిండి రొట్టెలు వేయించే అమ్మ, ఆట ఉన్నరోజు పొయ్యి పక్కన రేడియో పెట్టుకుని కూర్చునే అమ్మ. పదహారేళ్లకి అతను ఇల్లు వదిలింది ఈ మాట వినడానికే. విన్నాడు. ఎడమచెయ్యిని మాత్రం ఒళ్లోకి లాక్కున్నాడు.

"ఒక్కటే మిగిలింది. వాళ్ల డాక్టరు చూసి సరేననాలి. పక్క పట్నంలో ఆసుపత్రిలో కూర్చుని ఉందావిడ. డెంటన్ కారులో తీసుకెళ్తాడు. ఐదు లోపల అయిపోవాలి."

"ఆవిడ సరే అనకపోతే స్కిప్పర్?"

హార్లన్ నమలడం ఆపాడు. "ఎందుకనదు?"

"ఊరికే అడిగాను."

"నీ జాగాలోకి కింది జట్టునుంచి ఒక కుర్రాడు బయల్దేరాడు. సాయంత్రానికి దిగుతాడు. మనకి ఇద్దరు షార్ట్‌స్టాప్‌లకి చోటు లేదు. అందుకని అలాంటి ప్రశ్నలు నువ్వూ వేయకు, నేనూ వేయను." చెయ్యి చాచాడు. "బాగుపడు."

* * *

బట్టలుతికే గదిలో ఎబెర్తో కాచుకుని ఉన్నాడు. యంత్రంలో జట్టు బట్టలు దొర్లుతున్నాయి. బెల్టు బిళ్లలు రేకుకి కొట్టుకుని ధన్ ధన్‌మంటున్నాయి. విల్కిన్ సబ్బు కోసం వచ్చాడు. ఎబెర్తో తలుపు మూసి దానికి వీపు ఆన్చాడు.

"కారొచ్చేసింది అన్నా. వదులు."

"వస్తే రానీ. కారు నిన్నొదిలి పోదులే. ఇవాళ ఆ కారుకి నువ్వే బంగారం."

బ్యాటు మోకాళ్ల మధ్య పెట్టుకుని, బొడిపె మీద పట్టీ కొస గోటితో పట్టి విప్పడం మొదలుపెట్టాడు. ఒక చుట్టు, దాని కింద ఇంకో చుట్టు. ఆ కింద మోకాలి తొడుగులోంచి కోసిన స్పాంజి ముక్క. అరచెయ్యి ఆనే చోట అది గుంటపడి, చెమటకి పసుపెక్కింది. దాన్ని తీసి యంత్రం మీద పెట్టాడు.

"నాకెందుకు చెప్పలేదురా?"

"ఏం చెప్పాలి? కొంచెం నొప్పి. అందరికీ ఏదో ఒక నొప్పి ఉంటుంది."

"అట్లాగా. ఇదిగో, పట్టుకో."

ఉత్త కర్ర. విల్కిన్ కుడిచేత్తో అందుకున్నాడు.

"అట్లా కాదు. కొట్టేటప్పుడు పట్టుకున్నట్టు. ఎడమచెయ్యి కింద, బొడిపెకి ఆనించి."

విల్కిన్ ఎడమచెయ్యి కిందికి తెచ్చాడు. బొడిపె దాకా తేలేకపోయాడు. వేళ్లు వాటంతటవే పైకి జరిగి ఆగాయి. పై పెదవి మీద చెమట పట్టింది.

"ఊఁ, కిందికి," అన్నాడు ఎబెర్తో.

"చాల్లే అన్నా."

"ఎక్కడ నొప్పో నేను చెప్పనా? ఇక్కడ." తన ఎడమ అరచేతి అడుగున వేలు పెట్టి చూపించాడు. "అక్కడ లోపల కొక్కెంలాంటి చిన్న ఎముక ఉంటుంది. బొడిపె రోజూ దానికే తగులుతుంది. మన పని చేసేవాళ్లకి తప్ప ఇంకెవరికీ విరగదది. నీకు విరిగింది."

"నీకెట్లా తెలుసు?"

ఎబెర్తో ఎడమచెయ్యి ఎత్తి పిడికిలి బిగించాడు. చిటికెన వేలు నిలబడే ఉంది.

యంత్రం ధన్ ధన్‌మంటోంది. విల్కిన్ ఆ వేలు వెయ్యిసార్లు చూసి ఉంటాడు. దాని మీద తనూ జోకులేశాడు. ఇప్పుడు మాత్రం దానివైపు చూడ్డానికి భయమేసింది.

"బంతి తగిలి అట్లా అయిందన్నావుగా?"

"మరేమనమంటావు? విరిగిన ముక్క అంచు రంపంలా ఉంటుందిరా చిన్నోడా. దాని పక్కనుంచే పోతుంది, ఈ వేలిని ముడిచే నరం. పదునైన రాయి మీద తాడు రోజూ ఒరుసుకుంటే ఏమవుతుంది? ఒకరోజు పీచు పీచుగా ఉంటుంది. ఒకరోజు ఉండదు. తెగినప్పుడు నొప్పి కూడా ఉండదు. అదీ దాని దొంగబుద్ధి. నొప్పి పోయింది, బాగైపోయిందనుకుని ఎగిరి గంతేశాను నేను." వేలు దించుకున్నాడు. "ఆ తర్వాత బ్యాటు చేతిలో నిలవలా. ఇదిగో, ఇట్లా అయిపోయా. ఊరూరా మీబోటి పిల్లకాయలు విసిరిన బంతులు పట్టుకుంటూ."

"చెబితే మాత్రం ఏమవుద్ది?" విల్కిన్ గొంతు పైకి లేచింది. "పోయినేడాది ఆ బంతులు విసిరే కుర్రాడు మోచెయ్యి నొప్పన్నాడు, గుర్తుందా? పొద్దున చెప్పాడు. సాయంత్రానికి సంచి చేతికిచ్చి బస్సెక్కించారు! నా జాగాకి మనిషి బయల్దేరాడు అన్నా. నా పేరు పీకేశారు. ఇక్కడ నేను లేను. అక్కడా వద్దంటే నేనెక్కడుంటా?"

"ఆ ముక్క తీసేస్తారు. ఈ వేసవి పోతుంది. వచ్చే వేసవి ఆడతావు."

"ఏ జట్టుకి? దెబ్బ దాచినోడన్న పేరు పడ్డాక నన్నెవడు పిలుస్తాడు?"

ఎబెర్తో స్పాంజి ముక్క తీసి జేబులో వేసుకున్నాడు. తలుపు దగ్గర్నుంచి పక్కకి జరిగాడు.

"నేనెవరికీ చెప్పను. అది నీ నోరు, నీ చెయ్యి. నువ్వు చెప్పకపోతే ఏదో ఒకరోజు ఆ వేలే చెబుద్ది. అప్పుడు ఎవరూ కుట్టలేరు. వెళ్లు."

విల్కిన్ గడప దాటాక వెనకనుంచి మళ్లీ అన్నాడు, ఈసారి మెల్లగా: "అమ్మకి ఇంకా ఫోన్ చెయ్యకురా."

* * *

డెంటన్ జట్టు ఫిజియో. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఎవరి కండరం ఎక్కడ పట్టేసిందో నడకలో చూసి చెప్పగలడని కుర్రాళ్లు అనుకుంటారు. నెల కిందట విల్కిన్ అతని దగ్గరికి వెళ్లి, మణికట్టు కాస్త బిగుసుకుందని మాత్రం అన్నాడు. డెంటన్ చెయ్యి బోర్లా పెట్టించి ఎక్స్‌రే తీయించాడు. ఏమీ లేదన్నారు. అంతటితో అయిపోయిందనే విల్కిన్ అనుకున్నాడు.

కారు ఊరు దాటింది. రెండు పక్కలా మొక్కజొన్న గోడలా లేచి ఉంది. ఎదురుగా తారు మీద ఎండ నీళ్లలా ఆడుతోంది. విల్కిన్ ఎడమచెయ్యి తొడ కింద దాచుకుని, ఎవరికీ కనబడకుండా చిటికెన వేలు ముడిచి చూసుకున్నాడు. ముడుచుకుంది. కాసేపటికి మళ్లీ ముడిచాడు. ముడుచుకుంది.

"భుజం బాగా చూస్తుంది," అన్నాడు డెంటన్ రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "మోకాళ్లు కూడా. చెయ్యి పెద్దగా చూడదు. ఎక్స్‌రే అంటే బల్ల మీద బోర్లా పెట్టు."

"అలాగే."

"ఆవిడ అడిగితే తప్ప, నీయంతట నువ్వు చెయ్యి ఇలా తిప్పకు." స్టీరింగ్ మీంచి చెయ్యి తీసి, బొటనవేలు దూరంగా చాపి, అరచెయ్యి పక్కవాటుగా తిప్పి చూపించాడు. "అలా తిప్పి తీస్తేనే కనబడుతుంది."

విల్కిన్‌కి ఆ మాట అర్థం కావడానికి ఒక మొక్కజొన్న చేను దాటిపోవాల్సి వచ్చింది.

"ఏది కనబడుతుంది డెంటన్ గారూ?"

డెంటన్ చెయ్యి మళ్లీ స్టీరింగ్ మీద పెట్టాడు.

"నేను మీకేం చెప్పలేదే."

"చెప్పలేదు. అదే మంచిదైంది. నువ్వు చెప్పలేదు, నేను వినలేదు. బ్యాటు పైకి పట్టుకోవడం మొదలెట్టిన రోజే చూశాను. పైవాళ్లకి చెప్పడం నా పని, చెప్పాను. అది బయటపడేలోపల నిన్ను ఎటైనా పంపించేయమన్నారు."

"స్కిప్పర్ వాళ్లే అడిగారన్నాడు. నా పేరు పెట్టి అడిగారన్నాడు."

"వాళ్లడిగింది టకర్‌ని. వాళ్లకి షార్ట్‌స్టాప్ కూడా లేడని తెలిసి మనవాళ్లే నిన్ను అంటగట్టారు."

కారులో చల్లగాలి వస్తోంది. విల్కిన్ చొక్కా వీపుకి తడిసి అతుక్కుంది. ఇప్పటిదాకా ఆ నొప్పి తన రహస్యం అనుకున్నాడు. దాన్ని తను కాపాడుతున్నాడనుకున్నాడు. ఇన్నాళ్లూ పైవాళ్లందరూ చూస్తూనే ఉన్నారు. చూస్తూ ఆడనిచ్చారు.

"డాక్టరు కనిపెడితే?" అని అడిగాడు.

"కనిపెడితే నువ్వు దాచావు. మాకు తెలీదు." డెంటన్ గొంతులో కోపం లేదు, జాలీ లేదు. వాన పడుతుందో లేదో చెబుతున్నట్టుంది. "అందుకని బోర్లా పెట్టు అబ్బాయ్. నీ మంచికే."

* * *

డాక్టర్ ఎస్టెస్ పొడుగాటి మనిషి. జుట్టు నెరిసింది, చేతులు మాత్రం కుమ్మరి చేతుల్లా బలంగా ఉన్నాయి. భుజం తిప్పింది, నొక్కింది, వంచింది. మోకాళ్లు చూసింది. చెయ్యి బల్ల మీద పెట్టమంటే విల్కిన్ బోర్లా పెట్టాడు. ఎక్స్‌రేని వెలుతురుకి ఎత్తి పట్టుకుని, "ఊఁ, బాగానే ఉంది," అంది.

తలుపు దగ్గర డెంటన్ గడియారం చూసుకున్నాడు. ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు.

"ఎక్కడైనా నొప్పి ఉందా?" అని అడిగింది ఆమె.

ఆ ప్రశ్న రావాల్సిందే. దానికి జవాబు నెలరోజులుగా నోట్లో నలిగి నున్నబడి ఉంది. విల్కిన్ "లేదు" అన్నాడు. అన్నాక ఆమె మొహం చూశాడు. ఆమె నమ్మింది. కారులో తీసుకొచ్చినవాడిలా, చొక్కా పట్టి ఆపినవాడిలా కాదు. తెలిసీ తెలియనట్టు కాదు. నిజంగానే నమ్మింది. ఈ ఒక్క మనిషికే తెలియదు. చెబితే ఇప్పుడే చెప్పాలి, ఈమెకే చెప్పాలి.

"డాక్టర్," అన్నాడు. "నాకు—"

"ఆగు, ఒక్కటే మిగిలింది." ఆమె మూలనుంచి ఒక బ్యాటు తీసి తెచ్చింది. పట్టీ లేదు, మెత్త లేదు. ఉత్త కర్ర. "నేనూ కాలేజీలో ఆడినదాన్నేలే. ఊపడం చూడందే నాకు మనసొప్పదు. ఒక్కసారి, మెల్లగా. తర్వాత చెప్పు ఏం చెప్పాలో."

ఒక్కసారి. ఊపి చెబుదాం, అనుకున్నాడు విల్కిన్. ఆమె చూపు తన చేతుల మీదే ఉంది. పైకి పట్టుకుంటే తెలిసిపోతుందని చెయ్యి కిందికి దించాడు. బొడిపె అరచేతిలో చల్లగా వచ్చి ఆనింది. పళ్లు బిగించి ఊపాడు.

లోపల దారం తెగినట్టయింది. చప్పుడు లేదు.

నొప్పి పోయింది. నెలరోజుల నుంచి నిద్రలో కూడా వదలని నొప్పి, దీపం ఆర్పినట్టు పోయింది.

"చక్కగా ఊపావు," అంది ఎస్టెస్. బ్యాటు అందుకుని మూలన పెట్టి, అటు తిరిగి కుళాయి విప్పింది. "పిడికిలి బిగించు అబ్బాయ్, అది చూసేస్తే అయిపోయినట్టే. ఇంతకీ ఏదో చెప్పబోయావు?"

విల్కిన్ ఎడమచెయ్యి కళ్లముందు పెట్టుకుని బిగించాడు. వేళ్లు ఒకదాని పక్కన ఒకటి బుద్ధిగా ముడుచుకున్నాయి. చిటికెన వేలు కదల్లేదు. మళ్లీ బిగించాడు. బలమంతా పెట్టాడు. ఆ వేలు, కాఫీ కప్పు పట్టుకున్న దొరగారి వేలు, ఠీవిగా, నిటారుగా నిలబడి ఉంది.

తలుపు దగ్గర డెంటన్ ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. "ఆఁ, అయిపోయింది. అంతా సవ్యంగా ఉంది. వాళ్లకి చెప్పేయండి."

కుళాయి ఆగింది. ఎస్టెస్ తువ్వాలు అందుకుని, చేతులు తుడుచుకుంటూ, ఇటు తిరిగింది.